ఎస్‌ఎంసీ (బడి బాగోగులు చూసే తల్లిదండ్రుల కమిటీ, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) వాళ్ళం వెళ్ళి ఎంపీ గారిని అడిగితే బడికి కేంద్రం డబ్బులు వస్తాయంటారా?

లంకబాబు:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఓ లంక ఊరు, పంటు (బల్లకట్టు) ఎక్కి గోదారి దాటి వెళ్ళాలి. ఈమధ్య మా ఊరి బళ్ళో ఎస్‌ఎంసీ మెంబర్ని అయ్యాను, అయ్యానంటే పెద్ద పోటీ ఏం లేదులెండి, హెచ్‌ఎం గారు పేరు చదివితే అందరూ సరేనని చేతులెత్తారు. తీరా లోపలికెళ్ళి చూస్తే రెండు గదుల్లో శ్లాబు పెచ్చులూడిపోయి ఊచలు కనబడుతున్నాయి, కింద కూర్చోబెట్టడానికి భయమేసి పిల్లల్ని వరండాలోకి మార్చారు, వాన జల్లు కొడితే అక్కడా కుదరదు. గోదారి వచ్చిన ఏడాది నీళ్ళు తీశాక గచ్చంతా ఒండ్రు, అది ఎత్తించి కడిగించడానికి కూలీ కూడా స్కూల్ గ్రాంటులోంచే ఇవ్వాలి. ఎనభై మంది పిల్లలకి ఆ గ్రాంటు ఏడాదికి 25 వేలు, సుద్దముక్కలు రిజిస్టర్లు దగ్గర్నుంచి బాత్రూం కడిగే యాసిడ్ దాకా అన్నీ అందులోనే సర్దాలి.

మా పిన్ని కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. ఫోన్లో ఈ గోలంతా చెప్తే, ఇక్కడ స్కూల్ బోర్డు మెంబర్లు ఏటా వాషింగ్టన్ వెళ్ళి ప్రభుత్వ బళ్ళకి డబ్బులు పెంచండని సెనేటర్ల ఆఫీసుల్లో కూర్చుంటారు, నువ్వూ బోర్డు మెంబర్ లాంటోడివే కదా మీ ఎంపీని అడగొచ్చుగా అన్నాడు. మా సర్పంచి గారేమో బడి రాష్ట్రానిది, ఢిల్లీకేం సంబంధం అంటున్నారు. ఎవరి మాట కరెక్టండి? వెళ్తే ఏం అడగాలి, ఎలా అడగాలి?

ఏటిగట్టు:
వెళ్ళు బాబూ వెళ్ళు. శాలువా కప్పుతావు, అర్జీ ఇస్తావు, ఫోటో దిగుతావు, పరిశీలిస్తాం అంటారు, నువ్వు స్టేటస్ పెట్టుకుంటావు, అయిపోయింది. కోటిపల్లి నర్సాపురం రైలు లైను బాలయోగి గారి టైం నుంచి అడుగుతున్నాం, ఆయన సాక్షాత్తూ లోక్‌సభ స్పీకర్, ఇప్పటికీ రైలు నర్సాపురం చేరలేదు, కేంద్రం వాటా రాష్ట్రం వాటా అని ఇన్నేళ్ళు గడిచిపోయాయి. నీ రెండు గదులకి ఎవడు కదులుతాడు.

మాజీ_హెచ్‌ఎం:
ఏటిగట్టు గారి రైలు బాధ నిజమేగానీ గదుల సంగతి వేరండి. ముందు సర్పంచి గారి డౌటు తీరుద్దాం. చదువు రాష్ట్రం జాబితాలో ఉన్న మాట ఒకప్పటిది, 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం రాష్ట్రం రెండిటి చేతిలోకి, వచ్చింది. 2018 నుంచి బళ్ళకి సమగ్ర శిక్ష అని ఒకే పథకం నడుస్తోంది, మన రాష్ట్రానికి అందులో కేంద్రం 60 రాష్ట్రం 40. మీ గ్రాంటు పాతిక వేలు కూడా అందులోదే. కాబట్టి ఎంపీకి సంబంధం ఉంది, బాగానే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. బడికి డబ్బులివ్వండి అని వెళ్తే ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే ఆ డబ్బు ఒక్కచోట ఉండదు. గది కావాలంటే జిల్లా ప్లానులో పడాలి, జిల్లా ప్లాన్లన్నీ కలిపి రాష్ట్రం ఢిల్లీ పంపిస్తే అక్కడ ప్రాజెక్టు అప్రూవల్ బోర్డు కూర్చుని ఇది ఓకే ఇది కాదు అని తేలుస్తుంది. ఆ మీటింగు మినిట్స్ కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైట్లో పెడతారు, మన రాష్ట్రానివి తీసి చూడండి ఎన్ని గదులు అడిగారో ఎన్ని ఇచ్చారో ఉంటుంది. ప్లానులో పడాలంటే యూడైస్‌లో, అంటే ప్రతి బడి వివరాలూ ఏటా ఎక్కించే కేంద్రం ఆన్‌లైన్ లెక్కలో, ఉండాలి. అందులో గదుల దగ్గర మంచి స్థితి, చిన్న రిపేరు, పెద్ద రిపేరు అని విడివిడిగా గళ్ళుంటాయి. చాలా బళ్ళల్లో కిందటేడు రాసిందే ఈ ఏడూ ఎక్కించేస్తారు, అక్కడ మంచి స్థితి అని ఉందంటే మీరు ఎంపీ గారి కాళ్ళ మీద పడినా ఢిల్లీ లెక్కలో మీ గదులు బంగారంలా ఉన్నట్టే. ఎంపీ దగ్గరకెళ్ళే ముందు మీ హెచ్‌ఎం గారి పక్కన కూర్చుని ఆ గళ్ళు చూడండి, గొడవ పడకండి, ఆయనకి ఆ యాప్‌లతోనే సగం రోజు పోతోంది.

ఇంకోటి, విద్యాహక్కు చట్టం సెక్షన్ 22 ప్రకారం స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ తయారు చేయాల్సింది ఎస్‌ఎంసీయే. గ్రాంట్లకి ఆ ప్లానే ఆధారం అని చట్టంలోనే ఉంది. మీ బళ్ళో ఆ కాగితం ఉందా అసలు?

లంకబాబు:
బీరువాలో ఉండొచ్చండి. ఎవరూ చూసినట్టు లేరు.

జెర్సీ_గోదారి:
మాది రాజోలు దగ్గర, ఇప్పుడు న్యూజెర్సీ. మీ తమ్ముడు చెప్పింది నిజమే బ్రో, కాకపోతే రెండూ ఒకటి కాదు. ఇక్కడ స్కూల్ బోర్డుకి మెంబర్లని ఊరి జనం ఓటేసి ఎన్నుకుంటారు, జీతం ఉండదు, బడ్జెట్ వాళ్ళే పాస్ చేస్తారు, ఆ డబ్బులో పెద్ద భాగం మా ఇళ్ళ మీద ప్రాపర్టీ టాక్స్. మీ ఎస్‌ఎంసీకి పన్ను వేసే అధికారం లేదు కదా. ఫెడరల్ (కేంద్ర) వాటా అమెరికా మొత్తం మీద బళ్ళ ఖర్చులో మామూలుగా పదోవంతు చుట్టుపక్కలే, అయినా దానికోసం వాషింగ్టన్ దాకా వెళ్తారు. ఎందుకంటే 1975లో వికలాంగ పిల్లల చదువు మీద చట్టం చేసినప్పుడు దేశంలో సగటున ఒక్కో పిల్లాడికి అయ్యే ఖర్చులో 40 శాతం దాకా ఫెడరల్ గవర్నమెంట్ పెట్టుకుంటుందన్నారు, యాభై ఏళ్ళు అయినా ఇప్పటికీ అందులో సగం కూడా రావట్లేదు, మిగతాది లోకల్ బోర్డు మీదే పడుతుంది. బోర్డు మెంబర్లు వెళ్ళి చేసేది అదే, మీరు ఒప్పుకున్నది ఇంత, ఇచ్చింది ఇంత, మా టౌన్లో తేడా ఇంత, అని ఒక్క పేజీ చేతిలో పెట్టి వస్తారు. పార్టీ ఊసెత్తరు. ఆ ఒక్క పేజీ ముక్క మాత్రం కాపీ కొట్టొచ్చు.

కమిటీ_అక్క:
తమ్ముడూ, మాది పశ్చిమ గోదావరి వైపు, నేను చైర్‌పర్సన్‌గా చేశాను. కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టం, కానీ మీటింగుకి మొగుళ్ళు వచ్చి సంతకాలు పెట్టేసి వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం మా ఆయన్ని గేటు బయటే నిలబెట్టాను.

మాకు ప్రహరీ లేదు, చేపల చెరువుల లారీలన్నీ బడి ముందు నుంచే. ఎంపీ ఆఫీసుకి వెళ్తే పీఏ గారు అర్జీ చూడకుండానే అడిగిన మొదటి మాట, ఎస్టిమేట్ ఉందామ్మా అని. లేదు. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌తో కొలతలు తీయించి ఎస్టిమేట్ వేయించుకుని, స్థలం బడి పేరునే ఉందని కాగితం పెట్టి మళ్ళీ వెళ్ళాం. అప్పుడు ఎంపీ లాడ్స్‌లో, అంటే ఎంపీ చెప్పిన స్థానిక పనులకి కేంద్రం ఇచ్చే నిధిలో, సిఫార్సు రాసిచ్చారు. ఎంపీ రాసినంత మాత్రాన డబ్బు రాదు, అది కలెక్టరాఫీసుకి వెళ్ళి అక్కడ మంజూరు కావాలి, మా ఫైలు అక్కడే చాలా కాలం పడుకుంది, వెంటపడ్డాం. గోడ వచ్చింది.

లాడ్స్ అంటే సముద్రం అనుకోకు. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, ఒక్కో ఎంపీ కింద ఏడు అసెంబ్లీలు, అంటే అసెంబ్లీకి సుమారు 70 లక్షలు, అందులోనే కమ్యూనిటీ హాళ్ళు, రోడ్లు, బోర్లు. జీతాలకి, సుద్దముక్కలకి ఇవ్వరు, కట్టడాల్లాంటి నిలిచే పనులకే. రాజ్యసభ ఎంపీలని కూడా అడుగు, వాళ్ళు రాష్ట్రంలో ఎక్కడైనా ఇవ్వొచ్చు, వాళ్ళ దగ్గర క్యూ తక్కువ.

ఏటిగట్టు:
అక్క గోడ సాధించిందంటే ఒప్పుకున్నా. కానీ సగం ఊరు పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కించి, ప్రభుత్వ బడికి డబ్బులు రావట్లేదంటే ఎలా? పిల్లలు 30కి తగ్గితే ఆ గ్రాంటు పాతిక వేలు కాస్తా పది వేలవుద్ది. అంటే 31వ పిల్లోడి ఖరీదు పదిహేను వేలు, వాడికి జ్వరం రాకుండా చూసుకోవాలి.

మాజీ_హెచ్‌ఎం:
హహ, వెటకారమే అయినా లెక్క కరెక్టు. అయితే గదులు కూలేలా ఉంటే పిల్లల్ని పంపరు, పిల్లలు లేరని గదులు ఇవ్వరు, ఎక్కడో ఒకచోట ఆ దారం తెంపాలి కదండీ.

అక్క చెప్పిన లాడ్స్ కాక ఎంపీ చేతిలో ఇంకో రెండున్నాయి, ఇవి ఎవరూ అడగరు. ఒకటి జిల్లాలో దిశ కమిటీ. కేంద్ర పథకాలు ఎలా నడుస్తున్నాయో చూడ్డానికి ఎంపీ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాలి, సమగ్ర శిక్ష, మధ్యాహ్న భోజనం రెండూ దాని కిందకి వస్తాయి. మన దగ్గర భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, ఆవిడ వండి వడ్డించింది మన లంకల గన్నవరంలోనే, అయినా వంటగదిలో పొయ్యి దగ్గర పొగ మాత్రం అలాగే ఉంటుంది చాలా బళ్ళల్లో. మీ గ్రాంటు ఏ నెలలో పడింది, సగమే పడిందా, గదుల ప్రతిపాదన జిల్లాలో ఎక్కడ ఆగింది, ఈ మూడు ముక్కలు మీటింగుకి ముందు ఎంపీకి అందితే కలెక్టర్ ముందు సమగ్ర శిక్ష అధికారిని అడుగుతారు. అధికారి నోటితో చెప్పింది మినిట్స్‌లోకి ఎక్కుతుంది, అది మీకు ఆధారం.

రెండోది పార్లమెంటులో ప్రశ్న. చుక్క లేని (అన్‌స్టార్డ్) ప్రశ్న వేస్తే రాతపూర్వకంగా జవాబు వస్తుంది, ఆంధ్రాకి ఈ ఏడాది ఎంత ఒప్పుకున్నారు, ఎంత విడుదల చేశారు, రాష్ట్రం వాటా జమైందా, వరద ముంపు మండలాల్లో బళ్ళకి వేరే ఏమైనా ఉందా. సమాధానం లోక్‌సభ వెబ్‌సైట్లో ఉంటుంది, ఎవరూ కాదనలేరు. పెద్ద మాటలు మాట్లాడాలనుకుంటే సెస్సు (ఫలానా పనికని పన్ను మీద వేసే అదనపు పన్ను) గురించి కూడా అడిగించండి. 2018 నుంచి ఆదాయపు పన్ను మీద ఆరోగ్య విద్యా సెస్సు 4 శాతం వసూలు చేస్తున్నారు, సెస్సు కాబట్టి రాష్ట్రాలకి పంచే పన్నుల వాటాలో అది కలవదు, ఢిల్లీ పథకాల ద్వారా తిరిగి రావాల్సిందే. దేశం మొత్తానికి సమగ్ర శిక్షకి 2025-26 బడ్జెట్‌లో పెట్టింది 41,250 కోట్లు. 1966లో కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం చదువుకి పెట్టమంది, 2020 విద్యా విధానంలోనూ అదే 6 రాశారు, రాయడం వరకే.

డబ్బు ఢిల్లీలోనే ఆగిపోతే ఏమవుద్దో తమిళనాడుని చూడండి, పీఎం శ్రీ (కొన్ని బళ్ళని ఎంచి మోడల్ బళ్ళుగా చేసే కేంద్ర పథకం) ఒప్పందం దగ్గర పేచీ వచ్చి 2024-25లో వాళ్ళకి సమగ్ర శిక్ష డబ్బులు ఆగిపోయాయి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అలా ఆపడం సరికాదని పార్లమెంటు స్టాండింగ్ కమిటీయే రిపోర్టులో రాసింది. ఆ కమిటీలో ఉండేది ఎంపీలే కదండీ, అందుకే ఎంపీలకేం సంబంధం అనకూడదు.

లంకబాబు:
చాలా థాంక్సండి అందరికీ, ముఖ్యంగా మాస్టారికి. మా పంటు రేవు మీదుగా వచ్చే లంక ఊళ్ళ బళ్ళన్నిటిదీ ఇదే పరిస్థితి, అందరు చైర్మన్లనీ ఆదివారం మా బడికి రమ్మన్నాను, ఒక్క ఊరు అర్జీలా కాకుండా కలిపి ఒకే పేజీ రాద్దామని. ఒకాయన మాత్రం ఎంపీ మా పార్టీ కాదు నేను రాను అంటున్నాడు. ఆ పేజీ ఇంగ్లీషులో రాయించాలంటారా? మా దగ్గర రాసేవాళ్ళు లేరు.

కమిటీ_అక్క:
రానన్న ఆయన ఊళ్ళో కమిటీలో ఉన్న ఆడవాళ్ళని అడుగు, వాళ్ళొస్తారు.

మాజీ_హెచ్‌ఎం:
తెలుగులోనే రాయండి, ఎంపీ గారు చదివేది తెలుగే. పైన బడి పేరు పక్కనే పదకొండు అంకెల యూడైస్ కోడ్ వేయండి, ఢిల్లీ వాళ్ళు దాన్ని బట్టే మీ బడిని పట్టుకుంటారు. ఊచలు కనబడే ఫోటో, అందులో పిల్లలు లేకుండా, ఒక్కటి చాలు. సంక్రాంతికి అటూ ఇటూ జిల్లా ప్లాను తయారవుతుంది, వచ్చే వేసవి సెలవుల్లో చూద్దాంలే అనుకుంటే మళ్ళీ ఏడాది ఆగాలి.