కాలనీ హాల్లో షార్ట్ ఫిల్మ్ పండగ: ఫైళ్లు, ప్రొజెక్టర్ సంగతి చెప్పండి

ప్రశ్న: మా కాలనీ హాల్లో ఒక సాయంత్రం 12 షార్ట్ ఫిల్ములు వేద్దామని అనుకుంటున్నాం. 150 మంది పడతారు. ప్రొజెక్టర్ అద్దెకు దొరుకుతుంది. ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో అడగాలండీ?

జవాబు 1: ఎంపీ4, హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి), 1920×1080 (బొమ్మ సైజు, పిక్సెళ్లలో), స్టీరియో సౌండ్ అని సినిమాలు పంపేవాళ్లకిచ్చే దరఖాస్తులోనే రాయండి. ఆన్‌లైన్ లింకు నుంచి నేరుగా వేయొద్దు, నెట్ ఆగితే షో ఆగుతుంది. అన్నీ ల్యాప్‌టాప్‌లోకి దింపి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 (ఫైళ్లు దాచే ఒక పద్ధతి) అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి.

జవాబు 2: అసలు తంటా సౌండుతోనే. ఒక సినిమా గుసగుసలా ఉంటే తర్వాతది చెవులు పగలగొడుతుంది. ముందురోజే ఒక్కోటీ రెండు నిమిషాలు వేసి, సౌండ్ మిక్సర్ లెవెల్ కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కి వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్ 15 మీటర్లు దాటితే మామూలు రాగి తీగతో బొమ్మ పోతూ వస్తూ ఉండొచ్చు. ఫైబర్‌ది అడగండి. దానికి ల్యాప్‌టాప్ కొస వేరు, ప్రొజెక్టర్ కొస వేరు. తిరగేస్తే బొమ్మే రాదు.

జవాబు 3: కిటికీలకు నల్లగుడ్డ కట్టండి, లేదా పొద్దుగూకాక మొదలుపెట్టండి. వెలుతురులో 4000 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టరైనా తేలిపోతుంది. అన్నట్టు, బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఫిల్మోత్సవాలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది, ముందుగానే దరఖాస్తు పెట్టండి.