శిలాజాన్ని కోసి లాకెట్ చేయించుకోవడం తప్పా?

కాల్గరీ_కోడలు: పెళ్లిరోజుకి మా ఆయన అమ్మోలైట్ లాకెట్ కొంటానంటున్నారు. బంగారంలో పొదిగారు, పక్కన బుల్లి వజ్రం. అటూ ఇటూ తిప్పితే ఎరుపు, ఆకుపచ్చ మెరుపులు. 7 కోట్ల ఏళ్ల నాటి అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్లట. అంత పాతదాన్ని మెడలో వేసుకోవడానికి కోసేయడం సబబేనా?

మట్టిపొర: నేనైతే వద్దంటాను. ఏ పొరలో, దేని పక్కన దొరికిందో తెలియకుండా సానపట్టేశాక అది ఉత్త రంగు పెంకు. మయన్మార్ అంబర్ (శిలాజంగా మారిన చెట్టు జిగురు) సంగతే చూడండి. 2016లో లోకానికి తెలిసిన ఈకల డైనోసార్ తోక మిచినా బజారులో దొరికింది, అప్పటికే నగ కోసం అరగదీసి ఉంది.

రాళ్లబ్బాయి: మయన్మార్‌నీ అమ్మోలైట్ తవ్వే కెనడా అల్బర్టానీ ఒకే గాటన కట్టకండి. అక్కడ అంబర్ గనుల మీద పట్టు కోసం సైన్యం, కచిన్ తిరుగుబాటు దళాలు కొట్టుకున్నాయి. అల్బర్టాలో శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. అమ్మోనైట్ గుల్లని అమ్మాలన్నా, రాష్ట్రం దాటించాలన్నా అనుమతి కావాలి. 2007లో అమ్మోలైట్ గని తవ్వేవాళ్లకే ఓ సముద్ర సరీసృపం దొరికింది, పేరు ఆల్బర్టోనెక్టిస్. సుమారు 11 మీటర్ల ఒంట్లో 7 మీటర్లు మెడే, అందులో 76 వెన్నుపూసలు! నగల కోసం తవ్వకపోతే అది బయటపడేదా?

మట్టిపొర: దొరికినదాని గురించి చెప్పారు. యంత్రం కింద నలిగిపోయినవాటి లెక్క ఎవరు చెప్తారు?

తులసికోట: మా ఇంట్లో అమ్మోనైట్‌కి రోజూ అభిషేకం జరుగుతుంది! గండకీ నది సాలగ్రామంలో చక్రం ఆ గుల్ల గుర్తే కదా. నాకు మాత్రం కోయడానికి మనసొప్పదు.

కుందనం: తప్పొప్పులు మీరు తేల్చుకోండి, కొనేదైతే మాత్రం ఇది చూడండి. అమ్మోలైట్ పొర మందం సాధారణంగా మిల్లీమీటరు కూడా ఉండదు. మోస్ స్కేల్‌పై గట్టిదనం పదికి 4 దగ్గర, అంటే దుమ్ములోని ఇసుక రేణువు చాలు గీత పడటానికి. అందుకే కింద షేల్ (మట్టిరాయి) పలక, పైన స్పినెల్ లేదా క్వార్ట్జ్ లాంటి పారదర్శకమైన గట్టి రాయి మూత అతికిస్తారు. దాన్ని ట్రిప్లెట్ అంటారు. పక్క నుంచి చూస్తే పొరలు తెలుస్తాయి, కానీ చుట్టూ బంగారు అంచు మూసేస్తే కనపడవు, కాబట్టి అడిగి బిల్లులో రాయించుకోండి. ఉంగరం కన్నా లాకెట్ నయం, తగుళ్లు తక్కువ. అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో చేసే) క్లీనింగ్‌కి మాత్రం ఇవ్వకండి.

కాల్గరీ_కోడలు: ఇవాళ షాపుకెళ్లి రెండూ అడిగాం. ట్రిప్లెట్టేనని వెంటనే ఒప్పుకున్నారు. అనుమతి పత్రం మాటెత్తితే, మేనేజర్ వచ్చాక చూపిస్తామన్నారు. ఆయన సోమవారం వస్తారట, అప్పటిదాకా డబ్బు కట్టట్లేదు.

మట్టిపొర: సోమవారం ఏమన్నారో ఇక్కడ రాయండి.