కంపెనీ కారు మనమే కొనుక్కుంటే ట్యాక్స్‌కు ఏ రేటు లెక్క?

పాలమూరు_ప్రయాణం (ఏప్రిల్ 2025):
జడ్చర్ల దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తున్నా, రోజూ మహబూబ్‌నగర్ నుంచి పోయి వస్తా. కంపెనీ నాకిచ్చిన కారు 2022 మే 12న కొన్నారు, ఆ రోజు నుంచే వాడుతున్నా, బిల్లు 9 లక్షలు. ఇప్పుడు మూడున్నర లక్షలు కట్టి నువ్వే తీసుకో అంటున్నారు. మంచి బేరమే అనుకుంటుంటే అకౌంట్స్ ఆయన వచ్చి "తేడా నీ జీతంలో కలుస్తుంది, టీడీఎస్ కోస్తాం" అన్నాడు. ఎందులోంచి ఎంత తీస్తే ఆ తేడా? బండి 84 వేల కిలోమీటర్లు తిరిగింది, దేవరకద్ర దగ్గర బర్రె గుద్దితే ఎడమ డోరు లోపలికి పోయింది, మెకానిక్‌కు చూపిస్తే నాలుగు లక్షలకు మించి ఎవరూ ఇవ్వరన్నాడు.

వనపర్తి_వాసి:
కంపెనీ పుస్తకాల్లో ఎంతుంటే అదే అన్నా. ఏటా 15 శాతం తీసేస్తారు.

నల్లగొండ_లెక్కలు:
కాదు, ఈ 15 శాతం దగ్గరే అందరూ పొరపాటు పడతారు. అది కంపెనీ తన పన్ను లెక్కలో వేసుకునే తరుగు. ఉద్యోగికి కారు అమ్మితే ఇప్పుడు (2025లో) నడుస్తున్న 1962 నాటి ఆదాయపు పన్ను రూల్స్‌లో 3వ రూల్ చూడాలి. కంపెనీకి పడిన ఖరీదులోంచి, వాడిన ప్రతి పూర్తి సంవత్సరానికి 20 శాతం, అదీ ఏటికేడు మిగిలిన దాని మీద తీయాలి. 9 లక్షలు మొదటి ఏడాదికి 7,20,000, రెండో ఏడాదికి 5,76,000, మూడో ఏడాదికి 4,60,800. ఇందులో నువ్వు కట్టేది పోగా మిగిలిందే నీ జీతంలో కలుస్తుంది. మార్కెట్ రేటు, కిలోమీటర్లు, బర్రె, ఇవేవీ ఆ లెక్కలోకి రావు.

ఇంకో సంగతి, తొందరపడకు. "పూర్తి సంవత్సరం" అన్నారు కదా, ఈ నెలలో తీసుకుంటే నీకు రెండేళ్లే అయినట్టు. అప్పుడు 2,26,000 కలుస్తుంది. మే 12 దాటాక తీసుకుంటే 1,10,800. ఇరవై శాతం స్లాబులో ఉంటే సెస్సుతో కలిపి దాదాపు 24 వేలు మిగులుతాయి. ఒక్క నెల ఆగితే!

మిర్యాలగూడ_మిల్లు:
నేను ఆగలేదు. మూడేళ్లకు పన్నెండు రోజులు తక్కువ. మా అకౌంట్స్ వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు, ఫామ్ 12బీఏ (జీతం కాక కంపెనీ ఇచ్చిన సౌకర్యాల విలువ చూపే కాగితం) చేతికొచ్చాక తెలిసింది. సేల్ లెటర్, డబ్బు కట్టిన రసీదు అన్నీ మే 12 తర్వాతి తేదీలతోనే ఉండేలా చూసుకో తమ్మీ.

పాలమూరు_ప్రయాణం:
అయితే మే దాకా బండి కంపెనీ పేరు మీదే ఉంటుంది, ఆ నెల కారు వాడినందుకు వేరేగా పడుతుందా?

నల్లగొండ_లెక్కలు:
పడుతుంది కానీ చిన్నదే. ఇంజిన్ 1.6 లీటర్ల లోపుదై, ఆఫీసు పనికీ సొంత పనికీ వాడుతూ, పెట్రోలు ఖర్చు కంపెనీయే పెట్టుకుంటే ఇప్పటి (2025) లెక్కలో నెలకు 1,800, డ్రైవర్‌ను కూడా ఇస్తే ఇంకో 900. ఇది పన్ను కాదు, జీతంలో కలిపే మొత్తం. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి మాత్రమే వాడితే అదీ లేదు. ఆదివారాలు పిల్లలమర్రికి తీసుకెళ్తావేమో, అది నువ్వే చూసుకో.

పాలమూరు_ప్రయాణం:
తీసుకెళ్తా, కాదనను. మే 15కు సేల్ లెటర్ ఇమ్మని హెచ్‌ఆర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టా.