అత్త మీద కోపం దుత్త మీద: ఈ సామెత విగ్రహాలకు నప్పుతుందా?

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక బడి గోడల మీదున్న జార్జి వాషింగ్టన్ కుడ్యచిత్రాలను చెరిపేయాలన్న గొడవను ‘అత్త మీద కోపం దుత్త మీద చూపడం’ అన్నారు తిరుపతి మిత్రులొకరు. ఇంకొకరు అదే సామెతను ఇంగ్లండులోని బ్రిస్టల్ ఊళ్లో జనం కూలదోసిన కోల్‌స్టన్ విగ్రహానికీ తగిలించారు. మొదటిది నప్పింది. రెండోది నప్పలేదు.

దుత్త అంటే పాలో నెయ్యో పోసుకునే చిన్న కుండ. అత్తను పల్లెత్తు మాట అనలేని కోడలు దాన్ని నేలకేసి కొడుతుంది. కోపం న్యాయమైనదే కావచ్చు, దెబ్బ మాత్రం ఏ పాపమూ ఎరగని దానికి తగిలింది.

చిత్రకారుడు విక్టర్ ఆర్నటాఫ్ 1936లో వేసిన ఆ బడి బొమ్మల్లో వాషింగ్టన్ పొలంలో బానిసలు పని చేస్తుంటారు. చనిపోయి బోర్లా పడి ఉన్న ఆదివాసిని దాటుకుంటూ తుపాకులతో తెల్లవాళ్లు సాగిపోతుంటారు. ఇది దొరవారి భజన కాదు, గుట్టు విప్పడం. ఆ బొమ్మలు పిల్లల్ని నొప్పిస్తాయన్న అభ్యంతరంతో 2019లో బడి బోర్డు వాటి మీద రంగు పూసేయాలంది, తర్వాత కప్పితే చాలంది, 2022లో అదీ మానుకుంది. పాపం, ఆర్నటాఫే ఇక్కడ దుత్త.

కోల్‌స్టన్ సంగతి వేరు. బానిసల వ్యాపారంలో గడించినవాణ్ణి 1895లో ఊరి దాతగా నిలబెట్టారు. 2020లో జనం కూలదోసి రేవులో పడేసింది సాక్షాత్తూ అత్తనే! 1857 నాటి క్రూరత్వానికి పేరుమోసిన బ్రిటిష్ సైనికాధికారి నీల్ విగ్రహమూ అంతే. మన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1927లో, దాన్ని తీసేయమని మద్రాసులో సత్యాగ్రహం చేశారు. 1937లో రాజాజీ ప్రభుత్వం తీయించింది.

— మరి తిరుమలలో రాయలవారి విగ్రహమో?

— మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో చూడండి. ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడ్డారు. రాజే అయినా అక్కడ దర్శనానికి వచ్చిన భక్తుడు. ఈ సామెతతో ఆయనకు పని లేదు.

— అంతా బాగానే ఉంది. రోజూ ఆ శవం బొమ్మ ముందు నుంచి తరగతికి వెళ్లే ఆదివాసి పిల్లకు మీ సామెత చెబుతారా?

— చెప్పను. ఆ పిల్ల బాధకు ఏ సామెతా సరిపోదు. అయితే ఇలాంటి అభ్యంతరం అక్కడ 1960లలోనే వచ్చింది. నల్లజాతి విద్యార్థులు పట్టుబడితే డ్యూయీ క్రంప్లర్ అనే యువ చిత్రకారుడి చేత అదే బడిలో జవాబుగా వేరే కుడ్యచిత్రాలు వేయించారు. అవి 1974కు పూర్తయ్యాయి. 2019లో ఆర్నటాఫ్ బొమ్మలను చెరపవద్దని గట్టిగా వాదించినవాళ్లలో ఆ క్రంప్లరూ ఉన్నారు.