విదేశంలో ఫోన్: రోమింగా, ఈసిమ్మా, ఒట్టి వైఫైతో సరిపెట్టుకోవడమా?

బాటసారి:
వచ్చే నెల పదిహేను రోజుల్లో మూడు దేశాలు తిరగబోతున్నాం. టికెట్ల కంటే ఫోన్ గురించే మా ఇంట్లో ఎక్కువ గొడవ జరుగుతోంది. రోమింగ్ ప్యాక్ వేయించేసి హాయిగా ఉందామని మా ఆవిడ, ఈసిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకే దిగే సిమ్) కొనకపోతే నేను రాతియుగం మనిషినని మా తమ్ముడు, "వైఫై లేని చోటెక్కడుందోయ్, డబ్బులు తగలేయకు" అని మా బావగారు. నా మాట ఒకటే. సొంత సిమ్ ఫోన్‌లోనే ఉండాలి, దాని డేటా ఆపేసి ఓటీపీలకు మాత్రం వాడుకోవాలి, నెట్ అంతా ఈసిమ్ మీద నడవాలి. ఇందులో తప్పుంటే చెప్పండి, తిట్టినా ఫర్వాలేదు.

ఒంటిసంచి:
నా ఓటు మీ బావగారికే. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా ఆ నీలం చుక్క మనతో పాటు కదులుతూనే ఉంటుంది, ఎందుకంటే జీపీఎస్ సిగ్నల్ వచ్చేది ఉపగ్రహాల నుంచి, టవర్ నుంచి కాదు. ఈ సంగతి తెలియక కేవలం దారి కోసమే డేటా కొనేవాళ్ళు బోలెడు మంది. అనువాదం యాప్‌లో భాషను కూడా ముందే దింపుకోవచ్చు. నేనైతే సిమ్ తీసి పర్సులో పడేస్తాను, రాత్రి రూముకెళ్ళాక అందరికీ జవాబిస్తాను. పగలంతా ఫోన్ మోగకపోతే ఎంత ప్రశాంతంగా ఉంటుందో. చూడటానికి వెళ్తున్నారా, స్టేటస్‌లు పెట్టడానికా?

తెల్లవారుజాము:
ఆ ప్రశాంతత సంగతి నేను చెప్తాను వినండి. మీలాగే వైఫై చాలనుకుని అర్ధరాత్రి రెండింటికి ఒక ఎయిర్‌పోర్టులో దిగాను. వైఫై పేరు కనిపించింది, నొక్కాను, పేజీ తెరుచుకుంది, "మొబైల్ నంబర్ ఇవ్వండి, కోడ్ పంపుతాం" అని అడిగింది. కోడ్ రావాలంటే సిమ్ పనిచేయాలి కదా, నేను రోమింగ్ ఆన్ చేయించుకోనే లేదు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవర్ నంబర్ మెయిల్‌లో ఉంది, మెయిల్ తెరవాలంటే నెట్ కావాలి. అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీశాను, ఆ ఒక్కదానికి తప్ప. చివరికి సమాచారం కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపిస్తే చీటీ మీద పాస్‌వర్డ్ రాసిచ్చారు. అప్పటికి డ్రైవర్ చూసి చూసి వెళ్ళిపోయాడు.

ఇంకోటి, సిమ్ తీసి పర్సులో పెట్టడం అస్సలు వద్దు. సిమ్ లేని ఫోన్ నుంచి కొన్ని దేశాల్లో అత్యవసర కాల్ కూడా కలవదు. జర్మనీలో 2009 నుంచి పనిచేసే సిమ్ లేకపోతే 112 కూడా వెళ్ళదు.

ఒంటిసంచి:
112 విషయం నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. ఇకనుంచి సిమ్ లోపలే ఉంటుంది. మిగతా విషయంలో మాత్రం తగ్గేది లేదు. చిక్కు వచ్చింది స్క్రీన్‌షాట్ మరిచిపోవడం వల్ల, వైఫై వల్ల కాదు :)

టవరుకింద:
నేను టెలికాంలోనే పనిచేస్తున్నాను, ఒక అపోహ తీసేయనివ్వండి. ఈసిమ్ అంటే లోకల్ నెట్, రోమింగ్ అంటే వేరే అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. ఈసిమ్ అనేది సిమ్‌కు ఇంకో రూపం, అంతే. ప్లాస్టిక్ ముక్క బదులు ఫోన్‌లో ముందే ఉన్న చిప్‌లోకి దిగే ప్రొఫైల్ అది. దాని వెనక ఏ కంపెనీ ఉందన్నదే అసలు ప్రశ్న. ఆన్‌లైన్‌లో అమ్మే ట్రావెల్ ఈసిమ్‌లు చాలావరకు ఏదో మూడో దేశపు కంపెనీవే, అంటే అవీ రోమింగ్‌లోనే నడుస్తాయి. రోమింగ్‌లో మామూలుగా జరిగేదేంటంటే, మీరు నొక్కినదల్లా అక్కడి టవర్ నుంచి ముందు ఆ సిమ్ పుట్టిన దేశానికి వెళ్తుంది, అక్కడ ఇంటర్నెట్‌లో కలుస్తుంది, జవాబు మళ్ళీ అదే దారిలో తిరిగొస్తుంది. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నా వీడియో కాల్‌లో మీరు "హలో" అన్న కాసేపటికి అవతలివాళ్ళు ఉలిక్కిపడేది అందుకే.

ఆ చుట్టుదారి వల్ల లాభమూ ఉంది. చైనాలో అక్కడి సిమ్ మీద గానీ హోటల్ వైఫై మీద గానీ గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. బయటి దేశపు సిమ్ రోమింగ్‌లో ఉంటే తెరుచుకుంటాయి, ఎందుకంటే మీ డేటా చైనా దాటాకే ఇంటర్నెట్‌లో కలుస్తుంది. మరి నష్టమేంటంటే, ట్రావెల్ ఈసిమ్ మీద బ్యాంకు యాప్ తెరిస్తే మీరు ఉన్న దేశమూ కాక, మీ దేశమూ కాక ఇంకెక్కడి నుంచో లాగిన్ అయినట్టు కనిపిస్తుంది, కొన్ని యాప్‌లు అక్కడే ఆపేస్తాయి. నెల దాటి ఉండేవాళ్ళకు మాత్రం నా సలహా ఒకటే: అక్కడి కంపెనీ సిమ్ తీసుకోండి. చాలా దేశాల్లో పాస్‌పోర్టు అడుగుతారు, దగ్గర పెట్టుకుని వెళ్ళండి.

ఇద్దరుపిల్లలతల్లి:
మీరంతా ఒంటరిగా తిరిగేవాళ్ళలా ఉన్నారు. మేం వెళ్ళినప్పుడు నాతో ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. ఆవిడ ఫోన్‌కు ఈసిమ్ సౌకర్యమే లేదు. క్యూఆర్ కోడ్, ప్రొఫైల్, ఏపీఎన్ అని ఎయిర్‌పోర్టులో నిలబడి చెప్పడం మొదలుపెడితే అక్కడే తెల్లారిపోయేది. రోమింగ్ ప్యాక్ వేయించాం, దిగగానే ఫోన్ పనిచేసింది, ఆవిడకు తెలిసిన నంబర్‌కే చుట్టాలంతా ఫోన్ చేశారు. ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ రద్దీలో ఆవిడ ఒకసారి విడిపోయి పదినిమిషాలు కనపడకుండా పోయినప్పుడు, మామూలుగా నంబర్ నొక్కితే మామూలుగా మోగింది చూడండి, అప్పుడు నాకు డబ్బు గుర్తు రాలేదు. మీ ఆవిడ చెప్పిందే సబబు బాటసారి గారూ.

కొరకరాని:
మేడమ్, మీది సాఫీగా అయిపోయింది కాబట్టి అలా అంటున్నారు. ప్యాక్ ఏ దేశానికి తీసుకున్నామో మనకు తెలుసు, ఫోన్‌కు తెలియదు కదా. సరిహద్దు పక్కన ఒక సరస్సు ఒడ్డున మేం రూము తీసుకున్నాం, అవతలి ఒడ్డు వేరే దేశం. రాత్రంతా నా ఫోన్ నీళ్ళ అవతలి టవర్‌ను పట్టుకుని పడుకుంది, పడుకున్నది ఊరికే పడుకోకుండా ఆ రోజు తీసిన ఫోటోలన్నీ బ్యాకప్ చేసేసింది. ప్యాక్‌లో ఆ దేశం లేదు. బిల్లు చూసి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు నేను. కస్టమర్ కేర్ వాళ్ళు "మీ ఫోన్ వాడింది సార్" అన్నారు, అదీ నిజమే.

యూరప్ వెళ్ళేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2017 జూన్ 15 నుంచి రోమింగ్‌కు అదనపు ఛార్జీ తీసేశారు, అందుకని ఒక్క దేశంలో సిమ్ కొని అన్ని దేశాలూ తిరిగేస్తుంటారు. స్విట్జర్లాండ్ ఆ లెక్కలో లేదు. రైలు అలా దూరిపోతుంది, ఫోన్ కూడా దూరిపోతుంది. ఇక ఓడ ప్రయాణమైతే సంగతే వేరు, ఓడలోనే ఒక చిన్న టవర్ లాంటిది పెట్టి ఉపగ్రహం ద్వారా కలుపుతారు, అది ఏ దేశపు ప్యాక్‌లోకీ రాదనే అనుకోండి. రేవు దాటగానే ఏరోప్లేన్ మోడ్.

బాటసారి:
అమ్మో, ఇన్ని ఉన్నాయా. టవరుకింద గారూ, సొంత సిమ్‌కు డేటా ఆపేస్తే చాలదా? రెండు సిమ్‌లు ఒకే ఫోన్‌లో ఉంటే ఒకదాని డేటా ఇంకోటి మింగదు కదా?

టవరుకింద:
మింగుతుంది. ఐఫోన్‌లో రెండు లైన్లు ఉన్నప్పుడు, ఒకదాని సిగ్నల్ తగ్గితే రెండోదాని డేటా వాడుకునే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఈసిమ్ బలహీనపడ్డ చోటల్లా మీ సొంత సిమ్ మీద పడుతుంది. దాన్ని ఆపండి, సొంత సిమ్‌కు డేటా రోమింగ్ కూడా విడిగా ఆపండి. సరిహద్దు దగ్గర నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌లో వదలకుండా చేత్తో ఎంచుకుంటే కొరకరాని గారికి జరిగింది జరగదు.

ఓటీపీలు: రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు చాలా కంపెనీలు డబ్బు తీసుకోవు, కానీ లైన్ మీద రోమింగ్ యాక్టివేట్ అయి ఉండాలి, అది బయల్దేరకముందే చేయించుకోండి. కాల్ ఎత్తితే మాత్రం మీటర్ తిరుగుతుంది. వాయిస్‌మెయిల్ (ఎత్తని కాల్‌కు సందేశం రికార్డు చేసే సౌకర్యం) ఉంటే ఎత్తకపోయినా తిరగొచ్చు, ఎందుకంటే ఆ కాల్ మీ దాకా వచ్చి మళ్ళీ మీ దేశంలోని వాయిస్‌మెయిల్‌కు వెళ్తుంది, రెండు వైపులా లెక్క. కాల్‌ను అలా మళ్ళించే ఫార్వార్డింగ్ తీసేసి వెళ్ళండి. వాట్సాప్ పాత నంబర్ మీదే ఉంటుంది, "నంబర్ మార్చాలా" అని అడిగితే వద్దనండి.

పాత ఫోన్ తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022 చివరికల్లా 3జీ మూసేశాయి, ఆస్ట్రేలియాలో 2024 అక్టోబర్ ఆఖర్లో మూతపడింది. అలాంటి చోట్ల ఫోన్ 4జీ మీదే కాల్ మాట్లాడగలగాలి, అదీ రోమింగ్‌లో. లేకపోతే నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, కాల్ మాత్రం వెళ్ళదు.

పగిలినగాజు:
ఈసిమ్ అభిమానులు దీనికి జవాబు చెప్పండి. ప్రయాణం రెండో రోజే నా ఫోన్ మెట్ల మీద పడింది, తెర తెల్లగా వెలుగుతూ ఉంది గానీ ఎక్కడ ముట్టుకున్నా కదలదు. ప్లాస్టిక్ సిమ్ లాగి మా వారి ఫోన్‌లో ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో వేస్తే ఐదు నిమిషాల్లో బ్యాంకు ఓటీపీ వచ్చేసింది. పది రోజులకని కొన్న ఈసిమ్ మాత్రం పగిలిన ఫోన్‌లోనే సమాధి. ఆ క్యూఆర్ కోడ్ ఒక్కసారికే పనిచేస్తుందట, కొత్తది కొనుక్కోమన్నారు.

తెల్లవారుజాము:
మరి నా ఫోన్‌కు ట్రేనే లేదు. అమెరికాలో కొన్న ఐఫోన్ 14, అక్కడ 2022 నుంచి ఆ మోడళ్ళకు సిమ్ పెట్టే చోటే తీసేశారు. కొట్టువాడు ప్లాస్టిక్ సిమ్ చేతికిస్తే ఎక్కడ పెట్టుకోను, నెత్తిన పెట్టుకోనా?

పగిలినగాజు:
మీకు ఈసిమ్ తప్పదు లెండి. ఒక పాత ఫోన్ కూడా సంచిలో పడేయండి, హాట్‌స్పాట్‌కైనా పనికొస్తుంది.

ఒంటిసంచి:
రెండు ఫోన్లు, మూడు సిమ్‌లు, ఒక పాత ఫోన్. నేను మొత్తం బట్టలే అంతకంటే తక్కువ తీసుకెళ్తాను.

బాటసారి:
సరే, నేను కొంచెం జరిగాను. మా ఆవిడ ఫోన్‌కు రోమింగ్ ప్యాక్, కనీసం ఒక్క ఫోన్ అయినా మామూలుగా మోగాలి కదా. నాకు ఈసిమ్, ఇంట్లో వైఫై ఉండగానే ఇన్‌స్టాల్ చేసుకుంటాను, సొంత ప్లాస్టిక్ సిమ్ లోపలే ఉంటుంది. ఫోటోల బ్యాకప్ ఇవాళే ఆపేశాను. కానీ టవరుకింద గారు ఎంత చెప్పినా పదిహేను రోజులకు మూడు దేశాల్లో మూడు లోకల్ సిమ్‌ల కోసం క్యూలో నిలబడటం నా వల్ల కాదు, మాట కాస్త ఆలస్యంగా వినిపిస్తే వినిపించనీ. బావగారికి ఇదంతా చదివి వినిపించాను. "ఇంతసేపు చదివించినందుకు నాకో ప్యాక్ వేయించు" అన్నారు.

టవరుకింద:
నేను లోకల్ సిమ్ చెప్పింది నెల దాటి ఉండేవాళ్ళకండీ, మీకు కాదు. ఈసిమ్ ఇన్‌స్టాల్ అయ్యాక పొరపాటున డిలీట్ మాత్రం కొట్టకండి.

పగిలినగాజు:
సిమ్ ట్రే తెరిచే పిన్ను కూడా పెట్టుకోండి. నేను ఆ రోజు చెవి కమ్మ తీసి దాని కాడతో తెరిచాను, ఆ కాడ ఇప్పటికీ వంకరే.