కొత్తగా డాలస్ వచ్చాను, చేసిన పని చెప్పుకోవడం రావట్లేదు

రాజాం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది రాజాం, శ్రీకాకుళం జిల్లా. వచ్చి నాలుగు నెల్లయింది. పని బానే చేస్తున్నాను గానీ పొద్దున్న స్టాండప్‌లో, అదే టీం అంతా ఎవరేం చేస్తున్నారో చెప్పుకునే చిన్న మీటింగ్‌లో, నా వంతు రాగానే 'నిన్నటిదే చేస్తున్నా' అనేసి మ్యూట్ కొట్టేస్తున్నాను. మొన్న మేనేజర్ నువ్వేం చేస్తున్నావో నాకు తెలీట్లేదు అన్నాడు. డిసెంబర్లో రివ్యూ. చేసింది ఎలా రాసుకోవాలి, మాట్లాడ్డం ఎలా అలవాటవుద్ది?

బొబ్బిలి బావ:
తమ్ముడూ, అది తర్వాత, ముందు అపార్ట్‌మెంట్‌లో దిగిన రోజు ఫొటోలు తీసావా? 2016లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేం ఖాళీ చేస్తే కార్పెట్ మీద మరక మాదేనని డిపాజిట్‌లో 600 డాలర్లు కోసేసారు. ఆ మరక మేం దిగేటప్పటికే ఉంది, మా ఆవిడ దాని మీద పూజ పీట వేసి రెండేళ్లు కప్పెట్టింది కూడా. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అమ్మాయి 'దిగిన రోజు ఫారం ఇచ్చాం కదా, మరక ఉందని రాయలేదేం' అంది. ఆ ఫారం మా సొరుగులోనే ఉంది, ఖాళీగా. టెక్సస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ ఇవ్వాలి, కోస్తే ఎందుక్కోసారో లెక్కివ్వాలి, కానీ మన కొత్త అడ్రస్ కాయితం మీద రాసివ్వాలి. నేను నోటితో చెప్పి వచ్చేసాను.

పలాస అక్క:
బావగారూ, కుర్రోడు అడిగిందేటి మీరు చెప్పిందేటి. ఆ ఖాళీ ఫారం మాట మాత్రం పనికొస్తాది, ఏదైనా అప్పుడే రాసుకోవాలి. తమ్ముడూ, శుక్రవారం సాయంత్రం పావుగంట కూర్చో. ముందెలా ఉండేది, నువ్వేం మార్చావు, తర్వాత ఏమైంది, ఎవరికి పని తగ్గింది, ఇంతే. 'రిపోర్ట్ ఫాస్ట్ చేసాను' అని రాస్తే డిసెంబర్లో నీకే గుర్తుండదు, '5 గంటలు పట్టేది, ఇప్పుడు 40 నిమిషాలు' అని రాయి. అంకె ఆ రోజే దొరుకుద్ది, తర్వాత సిస్టంలో పాత రికార్డులు చెరిపేస్తారు. ఇంకోటి, మనకి 'నేను చేసాను' అనడానికి నోరు రాదు, గొప్పలు పోతున్నామేమో అని 'మేం చేసాం' అంటాం. రివ్యూలో ఆ 'మేం'లో నువ్వు కనపడవు.

అరసవల్లి:
మెచ్చుకున్న మెయిల్సన్నీ సొంత జీమెయిల్‌కి పంపేసుకో. లేఆఫ్ రోజు పొద్దున్నే లాప్‌టాప్ లాక్ అయిపోద్ది, హెచ్‌1బి వర్క్ వీసా వాళ్లకి ఆపైన అమెరికాలో ఉండేది 60 రోజులే.

గంటస్తంభం సెంటర్:
అరసవల్లి గారూ, కుర్రోడి ఉద్యోగం ఊడగొట్టకండి. కంపెనీ మెయిల్ బయటికి పంపితే ఆ ఒక్క కారణం చాలు తీసేయడానికి. క్లయింట్ పేరు, కోడ్ లేకుండా నీ మాటల్లో నీ నోట్‌బుక్‌లో రాసుకో.

అరసవల్లి:
పదేళ్లుగా పంపుతున్నాను, ఎవరూ అడగలేదు.

గంటస్తంభం సెంటర్:
అడిగిన రోజు ఇక్కడ రాయడానికి మీరుండరు. సరే, మాట్లాడ్డం గురించి. ఇంజనీరింగ్ హాస్టల్లో నేను 'ఏటి' అన్నానని గది గదంతా నవ్వింది. ఆ రోజు మూసిన నోరు పన్నెండేళ్లు తెరవలేదు, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా. చివరికి టోస్ట్‌మాస్టర్స్‌కి వెళ్లాను, నలుగురిలో మాట్లాడ్డం అలవాటు చేసే క్లబ్బు అది, 1924లో కాలిఫోర్నియాలో మొదలైంది, ఇప్పుడు చాలా ఊళ్లలో ఉంది, గెస్ట్‌గా డబ్బులక్కర్లేదు. టేబుల్ టాపిక్స్ అని అప్పటికప్పుడు ఏదో అడుగుతారు, నిమిషం నుంచి రెండు నిమిషాలు చెప్పాలి. ఒకాయన మన 'ఆ', 'ఉమ్' లెక్కపెడతాడు. మొదటి రోజు నావి పంతొమ్మిది. టైం ఎంతైందో తెలియడానికి పచ్చ కార్డు, పసుపు కార్డు, ఎర్ర కార్డు వరసగా చూపిస్తారు, నేను పచ్చ కూడా చూడకుండా కూర్చుండిపోయాను.

బొబ్బిలి బావ:
ముందు యాస మార్చుకోవాలయ్యా.

పలాస అక్క:
యాసకేటైంది? మా టీంలో ఒక్కొక్కరిది ఒక్కో యాస. మనం గబగబా మింగేస్తాం, అదీ తంటా. స్టాండప్‌కి ముందు మూడు ముక్కలు కాయితం మీద పెట్టుకో: నిన్న ఏది అయింది, ఈరోజు ఏది, ఎక్కడ ఆగింది. అద్దం ముందు వద్దు, ఫోన్లో రికార్డ్ చేసుకుని విను. మొదటిసారి సిగ్గేస్తాది.

అరసవల్లి:
అవునూ, రాజాం శ్రీకాకుళం జిల్లా అన్నావేటి? 2022లో విజయనగరంలో కలిపేసారు కదా.

బొబ్బిలి బావ:
కలిపితే? బస్సెక్కి ఎవర్నైనా అడుగు, శ్రీకాకుళమే అంటారు.

రాజాం కుర్రోడు:
అందరికీ థాంక్స్. శుక్రవారం నాలుగు లైన్లు రాసాను, మూడింట్లో 'మేం' వచ్చింది, కొట్టేసి మళ్లీ రాసాను. రికార్డ్ విన్నాను అక్కా, నిజంగానే మింగేస్తున్నాను. బావగారూ, కార్పెట్ మీద రెండు మరకలున్నాయి, ఫొటోలు ఇప్పుడు తీసినా పనికొస్తాయా?