అప్‌డేట్: పాత కారు హీటర్ ఎట్టకేలకు దారికొచ్చింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. హీటర్ ఫుల్‌లో పెట్టినా గోరువెచ్చటి గాలే వస్తోందని, టెంపరేచర్ ముల్లు సగం కూడా లేవట్లేదని అడిగాను కదా. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తెరుచుకుని ఉండిపోయి ఉంటుందని ఎక్కువమంది అన్నారు. నిజమే. విప్పి చూస్తే, చల్లగా ఉన్నప్పుడు మూసుకోవాల్సింది వేలిగోరు దూరేంత తెరిచే ఉంది. 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే కొత్తది వేశాను. ముల్లు లేచింది, గాలి మాత్రం అంతంతమాత్రమే.

అప్పుడు హీటర్ గొట్టాలు రెండూ పట్టుకుని చూశా. లోపలికెళ్లేది చెయ్యి పెట్టలేనంత వేడి, బయటికొచ్చేది నులివెచ్చన. అంటే హీటర్ కోర్‌లోనే (వేడి కూలెంట్ పారుతూ లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) అడ్డం. ఇంజిన్ చల్లారాక గొట్టాలు ఊడదీసి, తోట పైపుతో బయటికొచ్చే గొట్టం వైపు నుంచి వెనక్కి నీళ్లు సన్నగా వదిలాను (ప్రెషర్ పెడితే పాత కోర్ చిల్లుపడొచ్చు, జాగ్రత్త). కాసేపు ఏమీ లేదు, తర్వాత భళుక్కున ఇటుకరంగు బురద! సగం నా చొక్కా మీదే. తేటనీళ్లు వచ్చేదాకా ఆపలేదు.

కూలెంట్ పోసి, కారు ముందుభాగం ఎత్తులో పెట్టి గాలి బుడగలు పోగొట్టాను. ఇప్పుడు పది నిమిషాలకే అద్దం తేటపడుతోంది. వాటర్ పంప్ మార్చమన్నవాళ్లు ఏమనుకోకండి, దాన్ని ముట్టుకోలేదు. హీటర్ వాల్వ్ (కోర్‌లోకి కూలెంట్‌ను వదిలే కుళాయి లాంటిది) దగ్గర కాస్త చెమ్మ కనిపిస్తోంది, దాని సంగతి వచ్చే ఆదివారం.